వాటికన్ చూడటం ఎలా: ముందు గుమ్మాలు తెలుసుకోండి

రోమ్ వెళ్లొచ్చిన మనవాళ్లను వాటికన్ ఎలా ఉందని అడిగితే సగం మంది క్యూ గురించే చెప్తారు. జనం ఎక్కువన్న మాట నిజమే. కానీ చాలామంది ఇబ్బంది పడేది చోటు అర్థం కాకపోవడం వల్ల. చర్చి ముందు గంటసేపు వరసలో నిలబడి, తీరా లోపలికి వెళ్లాక "మైఖేలాంజెలో బొమ్మలు వేసిన ఆ చాపెల్ ఎక్కడ?" అని అడుగుతారు. దానికి వేరే గుమ్మం, వేరే టికెట్, గోడ పట్టుకుని పావుగంట నడక. చాలాసార్లు అప్పటికి ఆ రోజు టికెట్లు అయిపోయి ఉంటాయి. అందుకే ఇక్కడ ఏం చూడాలో చెప్పే ముందు ఏది ఎక్కడుందో చెప్తాను. దేశం చిన్నదే కాబట్టి పది నిమిషాల్లో మొత్తం బుర్రకెక్కుతుంది.

ముందు పటం

వాటికన్ సిటీ విస్తీర్ణం 0.44 చదరపు కిలోమీటర్లు, అంటే దాదాపు 109 ఎకరాలు. మన వైపు ఒకప్పటి మోతుబరి ఆసామి భూమి అంత. ఇంతకంటే చిన్న స్వతంత్ర దేశం ప్రపంచంలో లేదు. జనాభా వెయ్యి లోపే. చుట్టూ నాలుగు వైపులా రోమ్ నగరమే. టైబర్ నది పడమటి ఒడ్డున ఉందని అంటారు కానీ ఆ నది ఈ దేశాన్ని ఎక్కడా తాకదు. మధ్యలో ఇటలీ వీధులున్నాయి.

నేల తూర్పున పల్లం, పడమర మెరక. తూర్పు చివర పల్లంలో పెద్ద మైదానం ఉంది. అదే సెయింట్ పీటర్స్ స్క్వేర్. దాని వెనకే బసిలికా, అంటే యేసు శిష్యుడైన పునీత పేతురు (సెయింట్ పీటర్) సమాధి మీద కట్టిన చర్చి. ఈ రెండూ దేశానికి ఆగ్నేయ మూల అనుకోండి. ఉత్తరం వైపు పొడుగ్గా రెండు చేతులు చాపినట్టున్న భవనాలు మ్యూజియాలు. వాటి గుమ్మం ఉత్తరపు గోడలో ఉంది. సిస్టీన్ చాపెల్ బసిలికా పక్కనే, ఒక గోడ అవతలే ఉంటుంది. అయినా దాన్ని చూడాలంటే మ్యూజియం గుమ్మంలోంచే రావాలి. తికమక అంతా ఇక్కడే. ఇక పడమటి మెరక మీద ఉన్నదంతా తోటలు, దేశంలో దాదాపు సగం. ఈశాన్య మూలలో సెయింట్ ఆన్ గేటు లోపల పోస్టాఫీసు, మందుల షాపు, బ్యాంకు, కార్యాలయాలు. అటు మనల్ని రానివ్వరు.

ఈ గోడలు ఎందుకొచ్చాయో కూడా తెలుసుకుంటే మంచిది. 846లో సముద్రం మీద నుంచి వచ్చిన అరబ్బు దళాలు అప్పటి చర్చిని దోచుకున్నాయి. అప్పట్లో ఇది రోమ్ నగర ప్రాకారానికి బయట ఉండేది. ఆ దెబ్బతో నాలుగో లియో పోపు ఈ కొండ చుట్టూ గోడ కట్టించారు. ఇప్పుడు మనకు కనిపించే ఎత్తయిన బురుజుల గోడలో ఎక్కువ భాగం తర్వాతి శతాబ్దాల్లో కట్టింది.

దేశం మాత్రం చాలా కొత్తది. అంతకుముందు వెయ్యేళ్లకు పైగా పోపులు మధ్య ఇటలీలో పెద్ద భాగాన్నే ఏలారు. 1870లో ఇటలీ సైన్యం రోమ్‌ను పట్టుకోవడంతో అదంతా పోయింది. ఆ తర్వాత దాదాపు 59 ఏళ్లు పోపులు ఇటలీ ప్రభుత్వాన్ని గుర్తించకుండా ఈ గోడల లోపలే ఉండిపోయారు. చివరికి 1929 ఫిబ్రవరి 11న ఇటలీ తరఫున ముస్సోలినీ, పోపు తరఫున కార్డినల్ గాస్పార్రీ లేటరన్ ఒప్పందం మీద సంతకాలు పెట్టాక వాటికన్ సిటీ పుట్టింది. అంటే ఇందులోని చర్చి కంటే దేశం మూడు వందల ఏళ్లు చిన్నది.

వీసా, రోజు, టికెట్

వాటికన్‌కు విడిగా వీసా లేదు. ఇటలీకి తీసుకునే షెంగెన్ వీసాయే చాలు. స్క్వేర్‌లోకి అడుగుపెట్టేటప్పుడు పాస్‌పోర్టు ఎవరూ అడగరు, ముద్ర కూడా వేయరు. సింగిల్ ఎంట్రీ వీసా ఉన్నవాళ్లు "దేశం దాటి మళ్లీ ఇటలీలోకి వస్తే సమస్యా?" అని టెన్షన్ పడుతుంటారు. ఏ సమస్యా లేదు.

రోజు ఎంచుకోవడమే అసలు పని. ఆదివారం మ్యూజియాలు మూసేస్తారు. నెలలో ఆఖరి ఆదివారం మాత్రం ఉచితంగా తెరుస్తారు, అదీ మధ్యాహ్నం వరకే. ఉచితం కదా అని వెళ్తే తల ప్రాణం తోకకొస్తుంది, నా మాట విని ఆ రోజు వద్దు. బుధవారం ఉదయం పోపు దర్శనం ఉంటుంది. ఆయన రోమ్‌లో ఉంటే స్క్వేర్ అంతా కుర్చీలు, జనం. అది అయ్యేదాకా బసిలికా లోపలికి మామూలు సందర్శకుల్ని పంపరు. రోమ్‌లో ప్రభుత్వ మ్యూజియాలు చాలావాటికి సోమవారం సెలవు కాబట్టి ఆ రోజు జనం ఇటు పడతారు. శనివారం సంగతి చెప్పక్కర్లేదు. కాబట్టి మంగళ, గురు, శుక్రవారాల్లో ఒకటి పెట్టుకోండి. ఫిబ్రవరి 11, జూన్ 29, ఆగస్టు 15, డిసెంబరు 8 లాంటి పండుగ రోజుల్లో మ్యూజియాలకు సెలవు. సెలవుల పట్టిక వాళ్ల సైట్‌లోనే ఉంటుంది, విమానం టికెట్ కొనే ముందే చూసుకోండి.

పోపును చూడాలన్నదే ముఖ్యమైతే లెక్క మారుతుంది. అప్పుడు బుధవారమే వెళ్లాలి, లేదా ఆదివారం మధ్యాహ్నం 12 గంటలకు స్క్వేర్‌లో ఉండాలి. ఆ సమయంలో ఆయన కుడివైపు రాజభవనం పై అంతస్తు కిటికీలోంచి ప్రార్థన చెప్పి దీవిస్తారు. ఆదివారానికి టికెట్ అవసరం లేదు. బుధవారం దర్శనానికి టికెట్ ఉంటుంది కానీ దానికి రూపాయి కూడా కట్టక్కర్లేదు. డబ్బు అడిగాడంటే మధ్యవర్తి అని అర్థం.

మ్యూజియం టికెట్ మాత్రం ముందే ఆన్‌లైన్‌లో కొనండి. సీజన్‌లో వారాల ముందే అయిపోతాయి. ఇంటర్నెట్‌లో వెతికితే మొదట వచ్చేవి రెట్టింపు ధరకు అమ్మే ఏజెంట్ల సైట్లు. అసలు సైట్ గుర్తుపట్టడం తేలిక. వాటికన్‌కు సొంత ఇంటర్నెట్ చిరునామా ఉంది, చివర డాట్ వీఏ అని ఉంటుంది. అది లేకపోతే కొనకండి. స్లాట్ ఉదయం కాకుండా మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంట మధ్య తీసుకోండి. ఎందుకో కింద తెలుస్తుంది.

బట్టల విషయంలో భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి, ఆడవాళ్లయినా మగవాళ్లయినా. చీర, చుడీదార్ ఉన్నవాళ్లకు ఇబ్బందే లేదు. స్లీవ్‌లెస్ అయితే పైట కప్పుకుంటే సరిపోతుంది. దొరికిపోయేది షార్ట్స్ వేసుకొచ్చిన మన కుర్రాళ్లు. గుమ్మం దగ్గర ఆపి పక్కకు పంపిస్తారు, బతిమాలినా వినరు. నిన్నటిదాకా ఎండలో బీచ్‌లో తిరిగొచ్చిన కుటుంబాలు ఈ ఒక్క విషయం వల్లే ఉసూరుమంటూ వెనక్కి పోతాయి.

పొద్దున్నే స్క్వేర్

మెట్రో ఏ లైన్‌లో ఒత్తావియానో స్టేషన్‌లో దిగి పది నిమిషాలు నడిస్తే స్క్వేర్ వస్తుంది. తెర్మిని స్టేషన్ నుంచి 64 నంబరు బస్సు కూడా ఉంది కానీ జేబుదొంగలకు పేరు పడ్డ బస్సు అది. పర్సు, పాస్‌పోర్టు ముందు జేబులోకి మార్చుకోండి. ఒత్తావియానోలో మెట్లు ఎక్కగానే మెడలో కార్డులు వేసుకున్నవాళ్లు "క్యూ లేకుండా పంపిస్తాం" అంటూ చుట్టుముడతారు. నవ్వి ముందుకు నడవండి.

బసిలికా ఉదయం ఏడింటికే తెరుస్తారు. ఆ సమయానికి అక్కడుంటే సెక్యూరిటీ వరస నిమిషాల్లో అయిపోతుంది. పదింటికి అదే వరస స్క్వేర్ చుట్టూ తిరుగుతుంది. మ్యూజియానికి మధ్యాహ్నం స్లాట్ తీసుకోమన్నది ఇందుకే. ఉదయపు చల్లదనం చర్చికి, గోపురానికి వాడుకుని, తర్వాత లోపల నడక పెట్టుకోవడం మేలు.

స్క్వేర్ అంటారు గానీ చతురస్రం కాదు, కోడిగుడ్డు ఆకారం. 1656 నుంచి 1667 వరకు బెర్నీనీ అనే శిల్పి కట్టించాడు. రెండు వైపులా నాలుగేసి వరసల్లో మొత్తం 284 స్తంభాలు, వాటి మీద 140 మంది పునీతుల విగ్రహాలు. మధ్యలో ఉన్న ఏకశిలా స్తంభం ఈజిప్టుది. కలిగులా చక్రవర్తి ఓడలో తెప్పించి ఇక్కడి తన పందేల మైదానంలో నిలబెట్టాడు. తర్వాత ఆ మైదానం నీరో పేరుతో ప్రసిద్ధమైంది. పేతురును తలకిందులుగా సిలువ వేసింది అక్కడేనని క్రైస్తవ సంప్రదాయం చెబుతుంది. అంటే ఈ మైదానంలో పేతురు కాలం నుంచీ నిలిచి ఉన్నది ఆ రాయి ఒక్కటే. 1586లో దాన్ని పాత చోటు నుంచి ఇప్పుడున్న చోటికి జరపడానికి దొమెనికో ఫొంటానా అనే ఇంజినీరు వందల మంది కూలీల్ని, పదుల కొద్దీ గుర్రాల్ని, కప్పీల్ని వాడాడు. పాత చోటు బసిలికాకు ఎడమవైపు ఉంది, నేలలో ఒక పలక గుర్తుగా పెట్టారు.

ఇక్కడ తొందరపడకుండా నేల వైపు చూస్తూ నడవండి. ఈ మైదానంలో చాలామంది తల పైకెత్తి ఫొటోలు తీసుకుంటూ కాళ్ల కింద ఉన్నవాటిని తొక్కుకుంటూ పోతారు. ఏకశిలా స్తంభానికి, ఫౌంటెన్‌కు మధ్య నేలలో ఒక గుండ్రటి రాయి ఉంటుంది, రెండు వైపులా ఒక్కొక్కటి. దాని మీద నిలబడి అంచున ఉన్న స్తంభాల వైపు చూస్తే నాలుగు వరసలూ కలిసిపోయి ఒకే వరసగా కనిపిస్తాయి. ఒక్క అడుగు పక్కకు వేస్తే మళ్లీ అడవిలా విచ్చుకుంటాయి. పిల్లలకు ఇది ఆటలా ఉంటుంది, ఆ రాయి మీంచి దిగరు. ఏకశిల నీడ మధ్యాహ్నం పడే చోట నేలలో పొదిగిన గీత, బిళ్లలు 1817 నాటివి. నీడ పొడవును బట్టి సంవత్సరంలో ఏ కాలమో తెలుస్తుంది. కుడివైపు స్తంభాల దగ్గర నల్లరాళ్ల మధ్య అరచేతులంత తెల్ల పాలరాతి ముక్క మీద రోమన్ అంకెల్లో ఒక తేదీ ఉంటుంది. 1981 మే 13న రెండో జాన్ పాల్ పోపు మీద కాల్పులు జరిగిన చోటు అది.

ఇంకో చిన్న సరదా. స్క్వేర్ అంచున, స్తంభాల రెండు చివరల్నీ కలుపుతూ నేలలో తెల్లటి గీత ఉంది. అదే రెండు దేశాల సరిహద్దు. కంచె లేదు, కాపలా లేదు. ఒక కాలు ఇటలీలో, ఒక కాలు వాటికన్‌లో పెట్టి ఫొటో తీసుకోవచ్చు. స్క్వేర్ వాటికన్ నేలే అయినా, ఒప్పందం ప్రకారం మామూలు వేళల్లో బందోబస్తు చూసేది ఇటలీ పోలీసులు.

బసిలికాలో ఎటు నడవాలి

లోపలికి వెళ్లడానికి టికెట్ లేదు. 1506లో రెండో జూలియస్ పోపు శంకుస్థాపన చేస్తే 1626లో ప్రతిష్ఠ జరిగింది. 120 ఏళ్లు. బ్రమాంతేతో మొదలై, రఫేల్ చేతుల్లోంచి, 71 ఏళ్ల వయసులో పని అందుకున్న మైఖేలాంజెలో దాకా ఎందరో శిల్పులు నక్షా మార్చుకుంటూ పోయారు. మైఖేలాంజెలో జీతం తీసుకోకుండా చేశాడు, పూర్తయిన గోపురాన్ని చూడకుండానే చనిపోయాడు.

గుమ్మం దాటగానే ముందుకు పరుగెత్తకండి, కుడివైపు తిరగండి. మొదటి గదిలోనే అద్దం వెనక పియెతా ఉంది. చనిపోయిన కొడుకును ఒడిలో పెట్టుకున్న మరియమాత. మైఖేలాంజెలో పాతికేళ్ల లోపు వయసులో చెక్కాడు. ఆమె రొమ్ము మీదుగా వెళ్లే పట్టీని చూడండి, దాని మీద తన పేరు చెక్కుకున్నాడు. ఆయన సంతకం పెట్టిన పని ఇదొక్కటే. 1972లో ఒక మతిలేనివాడు సుత్తితో కొట్టి చెయ్యి, ముక్కు విరగ్గొట్టాడు. అతికించాక అద్దం బిగించారు. పదింటి తర్వాత వస్తే ఆ అద్దం ముందు పది వరసల తలలు మాత్రమే కనిపిస్తాయి.

నడవలో నేల మీద ఇత్తడి అక్షరాలు వరసగా కనిపిస్తాయి. ప్రపంచంలోని ఇతర పెద్ద చర్చిల పొడవు ఎంతవరకు వస్తుందో ఆ గుర్తులు చెబుతాయి. మేమే పెద్ద అని చెప్పుకోవడానికి ఇంతకంటే సూటి పద్ధతి లేదు! కాస్త ముందుకు వెళ్తే కుడివైపు పేతురు కంచు విగ్రహం. శతాబ్దాలుగా భక్తులు తాకి, ముద్దుపెట్టుకుని కుడి పాదం వేళ్లు అరిగి చదునైపోయాయి. మధ్యలో బెర్నీనీ చేసిన కంచు మండపం, దాదాపు 29 మీటర్ల ఎత్తు. మెలికలు తిరిగిన నాలుగు స్తంభాలు. పేతురు సమాధి సరిగ్గా దాని కిందే ఉందని నమ్మకం. బలిపీఠం ముందున్న దిగుడు కటకటాల దగ్గర నిలబడితే దీపాల వెలుగులో ఆ చోటు పైనుంచి కనిపిస్తుంది.

ఆ సమాధిని దగ్గర నుంచి చూడాలంటే వేరే ఏర్పాటు ఉంది. 1940 నుంచి బసిలికా అడుగున తవ్వితే రోమన్ల కాలపు శ్మశానవాటిక మొత్తం బయటపడింది. ఇళ్ల వరసల్లా సమాధి గదులు, మధ్యలో సందు. తవ్వకాల కార్యాలయానికి ముందే మెయిల్ రాసి అనుమతి తీసుకోవాలి. చిన్న చిన్న గుంపులుగా గైడుతో పంపుతారు, చిన్నపిల్లల్ని అనుమతించరు. చరిత్ర మీద ఆసక్తి ఉంటే మిగతావన్నీ వదులుకుని అయినా ఇది చూడమంటాను. ప్రయాణం ఖరారు కాగానే, రెండు మూడు నెలల ముందే రాయండి.

గోపురం: దేశం మొత్తం ఒక్క చూపులో

వాటికన్ భూగోళం అర్థం కావాలంటే గోపురం ఎక్కాల్సిందే. దీనికి టికెట్ ఉంది. మొత్తం 551 మెట్లు. లిఫ్టు తీసుకుంటే సగం దాకానే, అంటే చర్చి కప్పు వరకే. అక్కడి నుంచి 320 మెట్లు ఎవరైనా ఎక్కాల్సిందే. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నల్ని, ఇరుకంటే భయపడేవాళ్లని కప్పు మీదే కూర్చోబెట్టండి. అక్కడి నుంచి కూడా స్క్వేర్ మీది విగ్రహాల వీపులు, రోమ్ నగరం కనిపిస్తాయి.

కప్పు నుంచి మొదట గోపురం లోపలి అంచుకు తీసుకెళ్తారు. జాలీ అవతల కింద మనుషులు చీమల్లా కదులుతుంటారు. అప్పుడు పక్కనున్న గోడ చూడండి. కింద నుంచి రంగులద్దిన చిత్రం అనుకున్నదంతా వేళ్ల గోళ్లంత రంగు ముక్కలు పొదిగిన పని. బసిలికాలో పెద్ద చిత్రాలన్నీ దాదాపు ఇలాంటివే. తేమకు పాడవకుండా ఉంటాయని రంగుల బొమ్మలకు బదులు వీటిని పెట్టారు. అక్కడి నుంచి పైకి దారి గోపురం రెండు పొరల మధ్య వెళ్తుంది. గోడ వంపు తిరుగుతూ ఉంటే మనం కూడా ఒక పక్కకు వంగి నడవాలి. చివర్లో మెలికల మెట్లు. పట్టుకోవడానికి గోడ లేని చోట తాడు వేలాడుతుంటుంది.

పైకి వచ్చాక తూర్పు వైపు అందరూ ఫొటోలు తీసుకుంటారు. కింద స్క్వేర్, దాని ముందు నిటారుగా నది వైపు వెళ్లే వెడల్పాటి రోడ్డు, చివర గుండ్రటి సంత్ ఆంజెలో కోట. ఆ రోడ్డు పాతది కాదు. 1936లో పాత ఇళ్ల వరసల్ని కూలగొట్టి మొదలుపెట్టి, 1950కి పూర్తి చేశారు. ఇరుకు సందుల్లోంచి వచ్చి ఒక్కసారిగా ఈ మైదానంలో పడే అనుభవం దాంతో పోయిందని బాధపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నాకూ అదే అనిపిస్తుంది.

మీరు మాత్రం పడమర వైపు వెళ్లి నిలబడండి. అక్కడ జనం తక్కువ. దేశంలో మిగతా భాగం మొత్తం కింద పరిచి ఉంటుంది. పెద్ద తెల్లటి భవనం పాలనా కార్యాలయం. దాని పక్కన ఎడమకు చూస్తే రైల్వే స్టేషన్. గోడలోని పెద్ద ఇనప తలుపు తెరిస్తే ఇటలీ నుంచి పట్టాలు లోపలికి వస్తాయి. ప్రపంచంలోని అతి చిన్న జాతీయ రైలు వ్యవస్థ ఇది. 1962లో ఇరవైమూడో జాన్ పోపు ఇక్కడే రైలెక్కి లొరేతో, అసిసీ వెళ్లారు. పడమటి కొసన, గోడ మూలలో హెలిప్యాడ్. చెట్ల మధ్య కనిపించే చిన్న మఠంలోనే పదహారో బెనెడిక్ట్ పదవి వదిలాక చనిపోయేదాకా ఉన్నారు. ఈ తోటల్లోకి విడిగా టికెట్ కొని, గైడుతో మాత్రమే వెళ్లగలం. ఒక్క రోజే ఉన్నవాళ్లు వాటిని పైనుంచి చూసి సరిపెట్టుకోవచ్చు.

దిగాక స్క్వేర్‌లో వాటికన్ పోస్టాఫీసు ఉంటుంది. ఇంటికి ఒక కార్డు రాయండి. ఇక్కడ కొన్న స్టాంపు ఇటలీ పోస్టు డబ్బాలో పనికిరాదు, అవి ఎర్రవి. వాటికన్‌వి పసుపు రంగువి. చాలామంది కార్డు కొని, హోటల్‌కు వెళ్లి తీరిగ్గా రాసి, దారిలో ఎర్ర డబ్బాలో వేస్తారు. అది చేరదు. పెన్ను వెంట పెట్టుకుని అక్కడే రాసి అక్కడే వేసేయండి.

గోడ వెంట మ్యూజియానికి

స్క్వేర్ నుంచి స్తంభాల కుడివైపు బయటికి రండి. సెయింట్ ఆన్ గేటు ఎడమచేతి వైపు వస్తుంది. స్విస్ గార్డులు నిలబడి ఉంటారు. 1506 నుంచి ఉన్న దళం ఇది. స్విట్జర్లాండ్ పౌరుడై, కాథలిక్ అయి, చేరేనాటికి పెళ్లికాని యువకుడై ఉండాలి. 1527 మే 6న శత్రు సైన్యం రోమ్‌ను కొల్లగొట్టినప్పుడు పోపును కాపాడుతూ 147 మంది చనిపోయారు. ఏడో క్లెమెంట్ పోపు గోడ మీది రహస్య దారిలో సంత్ ఆంజెలో కోటకు పారిపోయారు. ఆ దారి ఇప్పటికీ ఉంది, స్క్వేర్ నుంచి నది వైపు వెళ్తుంటే ఎత్తయిన గోడలా కనిపిస్తుంది. కొత్తవాళ్లు ఇప్పటికీ మే 6నే ప్రమాణం చేస్తారు. ఎరుపు, పసుపు, నీలం చారల దుస్తులు మైఖేలాంజెలో గీసినవని గైడ్లు చెప్తే నమ్మకండి. ఇప్పుడున్న రూపం 1914లో వాళ్ల కమాండర్ ఖరారు చేసింది.

అక్కడి నుంచి గోడను ఎడమచేతికి పెట్టుకుని నడవడమే. రిసోర్జిమెంతో కూడలి దాటాక ఎడమకు తిరిగితే కొద్దిగా ఎగువ, తర్వాత మ్యూజియం గుమ్మం. మీకు ఓపిక, టైం ఉంటే అలాగే గోడ పట్టుకుని పడమటి మెరక ఎక్కి, దక్షిణం వైపు దిగి మళ్లీ స్క్వేర్‌కు రావచ్చు. ఒక దేశం చుట్టూ గంటలో ప్రదక్షిణ చేసినట్టు. దారిలో చూడ్డానికి గోడ తప్ప పెద్దగా ఏమీ ఉండదు, ఆ మాట ముందే చెప్తున్నాను. తినాల్సింది ఈ దారిలోనే తినేయండి. గోడకు ఆనుకున్న హోటళ్లలో రేటు ఎక్కువ, రుచి తక్కువ. రెండు వీధులు లోపలికి వెళ్తే ముక్కలుగా కోసి తూకం వేసి అమ్మే పిజ్జా దొరుకుతుంది. శాకాహారులకు దిగులు లేదు. ఖాళీ సీసాలు వీధి కొళాయిల్లో నింపుకోండి, నీళ్లు మంచివే.

మ్యూజియంలో

అన్నీ చూడాలని ఒట్టు పెట్టుకుంటే సిస్టీన్ చాపెల్ చేరేసరికి కాళ్లు పీకి, మెడ ఎత్తే ఓపిక ఉండదు. నేనైతే నాలుగే చూపిస్తాను.

మొదటిది అష్టకోణపు ముంగిలి. పాములు చుట్టుకున్న లావొకోవన్ అనే ట్రాయ్ పూజారి, అతని ఇద్దరు కొడుకుల విగ్రహం అక్కడుంది. 1506 జనవరిలో రోమ్‌లో ద్రాక్షతోట తవ్వుతుంటే బయటపడింది. జూలియస్ పోపు వెంటనే కొనేశారు. ఈ మ్యూజియాలన్నీ ఆ కొనుగోలుతోనే మొదలయ్యాయని లెక్క.

రెండోది పటాల గ్యాలరీ. 120 మీటర్ల పొడవు. జనం అంతా పైకప్పు బంగారం చూస్తూ, చాపెల్ వైపు తోసుకుంటూ పోతారు. మీరు గోడలు చూడండి. 1580 నుంచి మూడేళ్లలో ఇగ్నాత్సియో దాంతి పర్యవేక్షణలో ఇటలీ ప్రాంతాలన్నీ 40 పటాలుగా ఇక్కడ వేశారు. నడవ మధ్యలో నడిచే మనమే ఇటలీ వెన్నెముకలాంటి అపెన్నైన్ కొండల మీద నడుస్తున్నామన్నమాట. ఒకవైపు గోడ మీద పడమటి తీరపు ప్రాంతాలు, రెండో వైపు తూర్పు సముద్రపు ప్రాంతాలు. దగ్గరికి వెళ్తే సముద్రంలో తెరచాపల ఓడలు, ఊళ్లలో ఒక్కో గంటస్తంభం, కొండల నీడలు. కొన్ని పటాల్లో దక్షిణం పైన ఉంటుంది, కంగారు పడకండి. కిటికీలోంచి చూస్తే ఇందాక గోపురం మీంచి చూసిన తోటలు. మీరెక్కడున్నారో ఇప్పుడు మీకు తెలుసు.

మూడోది రఫేల్ గదులు. ఏథెన్స్ పండితుల సభ చిత్రంలో మధ్యలో ప్లేటో వేలు పైకి, అరిస్టాటిల్ అరచెయ్యి నేల వైపు. ముందు మెట్ల దగ్గర ఒంటరిగా రాసుకుంటూ కూర్చున్న మనిషికి మైఖేలాంజెలో పోలికలని అంటారు. అప్పుడాయన కొన్ని గదుల అవతల చాపెల్ పైకప్పు మీద పని చేస్తున్నాడు.

ఆ చాపెల్‌లోకి చివర్లో వస్తారు. ఫొటోలు నిషేధం, మాటలు కూడా. కాపలావాళ్లు కేకలేస్తూనే ఉంటారు. గోడల వెంట బల్లలున్నాయి, చోటు దొరికితే కూర్చోండి. పైకప్పు 1508 నుంచి 1512 వరకు వేసింది. పడుకుని వేశాడన్నది కట్టుకథ, పరంజా మీద నిలబడి తల వెనక్కి వాల్చి వేశాడు. బలిపీఠం వెనక గోడ మీది కడపటి తీర్పు పాతికేళ్ల తర్వాతది. అందులో క్రీస్తు పాదాల దగ్గర ఒక పునీతుడు ఒలిచిన చర్మం పట్టుకుని ఉంటాడు. ఆ చర్మం మీద వేలాడే ముఖం మైఖేలాంజెలోదేనని అంటారు. కింద కుడి మూలలో గాడిద చెవులతో, పాము చుట్టుకుని ఉన్నవాడు పోపు కొలువులోని ఉద్యోగి. బొమ్మల్లో బట్టల్లేవని ఫిర్యాదు చేసినందుకు నరకంలో పడ్డాడు.

పోపును ఎన్నుకునేది ఈ గదిలోనే. 2025 మేలో 133 మంది కార్డినల్స్ ఇక్కడే తలుపులేసుకుని ఓట్లేశారు. మే 8న పద్నాలుగో లియో ఎన్నికయ్యారు. ఆ 133 మందిలో మన హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ పూల ఆంథోనీ ఉన్నారు. 2022లో కార్డినల్ అయిన మొదటి తెలుగువారు ఆయన. టీవీలో చూసిన తెల్లపొగ గొట్టం కోసం పైకప్పు వెతకకండి, ఎన్నిక అప్పుడే బిగించి తర్వాత తీసేస్తారు.

చాపెల్ నుంచి నేరుగా బసిలికాలోకి ఒక దారి ఉందని, అందులోంచి దూరిపోవచ్చని చాలామంది చెప్తారు. ఉన్నమాట నిజమే. అది ఎక్కువగా గైడు గుంపులకే, ఎప్పుడు మూస్తారో చెప్పలేం. దాన్ని నమ్ముకుని బసిలికాను సాయంత్రానికి వదిలేయకండి.

గోడ బయట ఉన్నా వాటికన్‌వే

వాటికన్ ఆస్తి అంతా ఈ 109 ఎకరాల్లోనే లేదు. రోమ్ బిషప్‌గా పోపు సొంత కతీడ్రల్ సెయింట్ పీటర్స్ కాదు, నగరంలో ఇంకోవైపున్న లేటరన్ బసిలికా. అది, సాంతా మరియా మజ్జోరె, గోడల బయటి సెయింట్ పాల్ బసిలికా ఇటలీ నేల మీదే ఉన్నా ప్రత్యేక హక్కులతో పోపు ఆధీనంలో ఉన్నాయి. రోమ్‌కు దక్షిణాన సరస్సు ఒడ్డున ఉన్న కాస్టెల్ గాండోల్ఫో వేసవి విడిది కూడా అంతే. మరోవైపు వాటికన్‌లో విదేశీ రాయబార కార్యాలయాలకు చోటు లేదు. అన్నీ రోమ్‌లోనే. వాటికన్‌కు ఇటలీ పంపే రాయబారి కార్యాలయం కూడా రోమ్‌లోనే, అంటే సొంత రాజధానిలోనే ఉంది.

ఫ్రాన్సిస్ పోపు సమాధి చూడాలనుకునేవాళ్లు దాన్ని సెయింట్ పీటర్స్‌లో వెతికి నిరాశపడతారు. 2025 ఏప్రిల్‌లో ఆయన్ను ఆయన కోరిక ప్రకారం సాంతా మరియా మజ్జోరెలో పెట్టారు. తెర్మిని స్టేషన్ నుంచి పది నిమిషాల నడక. మ్యూజియం నుంచి మెట్రో ఎక్కి ఎలాగూ అటే వస్తారు కాబట్టి హోటల్ ఆ చుట్టుపక్కల ఉంటే మరుసటి ఉదయం వెళ్లండి. మీద తెల్లరాయి, దాని మీద లాటిన్‌లో ఆయన పేరు ఒక్కటే ఉంటుంది. దానికీ వరస ఉంటుంది కానీ త్వరగానే కదులుతుంది.